మంటలో పోతున్న లెక్క: చిన్న ఆయిల్ కంపెనీల గ్యాస్ ఫ్లేరింగ్‌ని వాటాదారు ఎలా చదవాలి

చిన్న ఆయిల్ కంపెనీ షేరు కొనేముందు మనవాళ్లు అడిగేవి రెండే. రోజుకి ఎన్ని బ్యారెళ్లు తీస్తోంది? క్రూడ్ ఎంతకి పోతోంది? బరంపురంలో బ్రోకరు దగ్గర కూర్చున్నా, పర్లాకిమిడిలో ఫోన్‌లో యాప్ తెరిచినా మాటంతా ఈ రెండు అంకెల చుట్టూనే. మూడో అంకె ఒకటుంది: చమురుతో పాటు పైకొచ్చిన గ్యాస్‌లో ఎంత అమ్ముతున్నారు, ఎంత తగలబెడుతున్నారు. ఈ తగలబెట్టడాన్నే ఫ్లేరింగ్ అంటారు, ఆ మంట మండే గొట్టాన్ని ఫ్లేర్ అంటారు. ఇది యాప్‌లో రాదు. చాలా చిన్న కంపెనీల వార్షిక నివేదికల్లో వెతికినా దొరకదు. కంపెనీ నడిపేవాళ్ల పనితనం, రేపు మీద పడబోయే ఖర్చు, బావి చుట్టుపక్కల ఊళ్లు పీల్చే గాలి, మూడూ ఆ అంకెలోనే బయటపడతాయి.

మన వైపు దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక సౌకర్యం ఉంది. బరంపురం, చికిటి, ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాల నుంచి గల్ఫ్‌కో, సూరత్ పక్కన హజీరాకో పోయి వెల్డరుగా, పైప్ ఫిట్టరుగా, రిగ్గరుగా చేసి వచ్చినవాళ్లకి కొదవ లేదు. ఫ్లేర్ మంట రంగు చూసి ప్లాంటు లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగినవాళ్లు వాళ్లలో చాలామంది. షేరు కొనేవాళ్లు మాత్రం వాళ్లని అడగరు.

చేతికొచ్చిన గ్యాస్‌ని ఎందుకు తగలబెడతారు

భూమిలో చమురు ఒంటరిగా ఉండదు. వందల బార్ల ఒత్తిడిలో గ్యాస్ దానిలో కరిగి ఉంటుంది. పైకి తెచ్చి సెపరేటర్‌లో ఒత్తిడి తగ్గించగానే ఆ గ్యాస్ విడిపోతుంది. ఒక బ్యారెల్ చమురుతో ఎన్ని ఘనపు అడుగుల గ్యాస్ వస్తుందో చెప్పే అంకెని గ్యాస్–ఆయిల్ నిష్పత్తి అంటారు. బావి ముసలిదయ్యే కొద్దీ, రిజర్వాయర్ ఒత్తిడి పడిపోయే కొద్దీ, చాలా క్షేత్రాల్లో ఈ నిష్పత్తి పెరుగుతుంది. చమురు తగ్గుతుంది, గ్యాస్ ఎక్కువవుతుంది. పెద్ద కంపెనీలు వదిలేసిన పాత క్షేత్రాలు చిన్న కంపెనీల చేతికి సరిగ్గా ఈ దశలోనే వస్తాయి.

ఒక ఉదాహరణ లెక్క వేసి చూద్దాం. రోజుకి 500 బ్యారెళ్ల చమురు, బ్యారెల్‌కి 1,000 ఘనపు అడుగుల గ్యాస్ అనుకోండి. రోజుకి 5 లక్షల ఘనపు అడుగులు, అంటే 14,000 ఘనపు మీటర్లు పైచిలుకు. వేడి లెక్కలో సుమారు 500 మిలియన్ బీటీయూలు. క్రూడ్ 70 డాలర్లు, గ్యాస్ మిలియన్ బీటీయూకి 6.5 డాలర్లు అనుకుంటే చమురు మీద రోజుకి 35,000 డాలర్లు వస్తాయి, గ్యాస్ మీద 3,250. గ్యాస్ వాటా మొత్తంలో పన్నెండో వంతు దరిదాపు. మేనేజర్ కళ్లకి అది చిల్లర. పైగా ఆ చిల్లర చేతికి రావాలంటే కంప్రెసర్, తేమ తీసే డీహైడ్రేషన్ యూనిట్, మీటర్, పైప్‌లైన్ అన్నీ ముందే కొనాలి. తీరా అవి వచ్చేసరికి బావి ఒత్తిడి సగం పడిపోయి ఉండొచ్చు. అందుకే అగ్గిపుల్ల గీస్తారు.

వాటాదారు మాత్రం ఆ చిల్లరని ఏడాదికి కూడాలి. దాదాపు 12 లక్షల డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే పది కోట్లు. ఈ సైజు కంపెనీకి చమురు మీద వచ్చే స్థూల రాబడి 108 కోట్ల దరిదాపు. రాయల్టీ, ప్రభుత్వ వాటా, బావి ఖర్చులు అన్నీ పోయాక మిగిలే లాభం పక్కన పెట్టి చూస్తే ఈ పది కోట్లు చిల్లర అనిపించవు.

పైప్‌లైన్ దగ్గర్లోనే ఉందిగా అనే మాట ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్లలో తరచూ కనిపిస్తుంది. గెయిల్ వారి శ్రీకాకుళం–అంగుల్ లైన్ మన గంజాం మీదుగానే పోతుంది కదా, దాని పక్కన బావి తవ్వినంత మాత్రాన గ్యాస్ అందులోకి పోదు. లైన్‌లో ఉన్న ఒత్తిడికి మించి కంప్రెస్ చేయాలి, నీటి ఆవిరి తీసేయాలి, ప్రొపేన్, బ్యూటేన్ లాంటి బరువు వాయువులు చల్లబడి ద్రవంగా మారకుండా వేరుచేయాలి, హైడ్రోజన్ సల్ఫైడ్ పరిమితిలో ఉండాలి. ఇవి లేకుండా ఎవరూ కలుపుకోరు. ఒక్కోసారి లైన్ ఉన్నా చోటు ఉండదు. అమెరికాలో పర్మియన్ బేసిన్‌లో 2024లో జరిగిందదే. పైప్‌లైన్లు నిండిపోయి, టెక్సస్‌లోని వాహా హబ్ దగ్గర గ్యాస్ ధర చాలా రోజులు సున్నా కిందికి పోయింది. గ్యాస్ తీసుకెళ్లమని అమ్మేవాడే ఎదురు డబ్బులిచ్చాడు.

ప్రపంచం మొత్తం మీద 2024లో తగలబడిన గ్యాస్ 151 బిలియన్ ఘనపు మీటర్లని ప్రపంచ బ్యాంకు ఉపగ్రహ లెక్క. 2007 తర్వాత ఇదే ఎక్కువ. మన దేశం ఏడాదికి వాడే సహజవాయువు 70 బిలియన్ దరిదాపు. దానికి రెండింతలు ఆకాశంలో కలిసిపోయింది. రష్యా, ఇరాన్, ఇరాక్, అమెరికా, వెనిజువెలా, అల్జీరియా, లిబియా, మెక్సికో, నైజీరియా, ఈ తొమ్మిది దేశాలదే అందులో నాలుగింట మూడు వంతులు.

అన్ని మంటలూ ఒకటి కావు. కంప్రెసర్ ట్రిప్ అయినప్పుడు, బావిని మొదటిసారి పరీక్షించేటప్పుడు, ప్లాంటు ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గ్యాస్‌ని కాల్చక తప్పదు. కాల్చకపోతే పైపులు పేలతాయి. గ్యాస్ పోవడానికి దారి లేక రోజూ కాల్చడాన్ని రొటీన్ ఫ్లేరింగ్ అంటారు. 2030 కల్లా దీన్ని మానేస్తామని 2015లో ప్రపంచ బ్యాంకు మొదలుపెట్టిన కార్యక్రమం కింద ప్రభుత్వాలు, కంపెనీలు మాటిచ్చాయి. ఆ మాటకి కట్టుబడ్డామని చెప్పే కంపెనీ తన మంటలన్నిటినీ భద్రత కోసమే అని రాసుకోవడం సులువు. ఏడాదిలో రెండు వందల రోజులు భద్రత కోసం మండే ఫ్లేర్‌ని రొటీన్ కింద కట్టుకోవడమే న్యాయం.

ఫ్లేర్ లోపల ఏముంది, ఎక్కడ చెడుతుంది

దూరం నుంచి చూస్తే గొట్టం మీద మంట. దగ్గర నుంచి చూస్తే ఒక వరస. సెపరేటర్ నుంచి వచ్చిన గ్యాస్ ముందుగా నాకౌట్ డ్రమ్‌లోకి పోతుంది. అక్కడ వేగం తగ్గి చమురు తుంపర్లు కింద చేరతాయి. తర్వాత సీల్ డ్రమ్. మంట వెనక్కి పైపులోకి పాకకుండా ఇందులో నీళ్లు అడ్డుంటాయి. గాలి లోపలికి దూరకుండా పర్జ్ గ్యాస్ సన్నగా పారుతూనే ఉండాలి. ఆపైన స్టాక్ అనే ఎత్తు గొట్టం, దాని కొసన టిప్, టిప్ పక్కన ఎప్పుడూ ఆరకుండా వెలిగే పైలట్ బర్నర్లు. పైలట్ వెలుగుతోందో లేదో చెప్పడానికి థర్మోకపుల్. ఎంత గ్యాస్ పోతోందో కొలవడానికి, పెట్టినవాళ్లు పెడితే, అల్ట్రాసోనిక్ ఫ్లో మీటర్.

మొదట చెడేది నాకౌట్ డ్రమ్. చిన్న క్షేత్రంలో బావి ఉత్పత్తి పెంచుతారు, డ్రమ్ మాత్రం పాతదే. లేదా కింద చేరిన ద్రవాన్ని పంపు వేసి తీసేయాల్సిన షిఫ్టు మనిషి తీయడు. ద్రవం గ్యాస్‌తో పాటు పైకి పోయి టిప్ దగ్గర సగం కాలుతుంది. అప్పుడు మంట ఎర్రగా, కొస నల్లగా ఉంటుంది. మరీ ముదిరితే మండుతున్న చుక్కలు కిందపడతాయి. మసి అంటే ఇదే. కిరోసిన్ బుడ్డి వత్తి ఎక్కువ పైకి తీస్తే చిమ్నీ నల్లబడినట్టే, ఇంధనానికి సరిపడా గాలి అందక కార్బన్ కాలకుండా మిగిలిపోతుంది.

మసి ఆపడానికి స్టీమ్ గానీ, బ్లోయర్ గాలి గానీ టిప్ దగ్గర ఊదుతారు. ఇక్కడ రెండో చిక్కు. పొగ కనపడకూడదని ఆపరేటర్ స్టీమ్ అతిగా తెరుస్తాడు. పొగ పోతుంది, మంట చల్లబడుతుంది, మీథేన్ కాలకుండానే జారిపోతుంది. చూసేవాళ్లకి శుభ్రంగా కనిపించే మంట లోపల పాడైనది కావచ్చు. గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఎక్కువుంటే కూడా ఇదే జరుగుతుంది. అమెరికా నిబంధనల్లో స్టీమ్ పెట్టిన ఫ్లేర్‌కి ఘనపు అడుగుకి కనీసం 300 బీటీయూల వేడి ఉన్న గ్యాసే పోవాలనే షరతు అందుకే. తీరం వెంబడి అడ్డగాలి మంటని వంచేసినప్పుడు గాలి వాలు వైపు ఇదే రకంగా గ్యాస్ తప్పించుకుంటుంది.

అన్నిటికన్నా చెడ్డది ఆరిపోయిన ఫ్లేర్. పైలట్ ఆరింది, థర్మోకపుల్ ఎప్పుడో కాలిపోయింది, కొత్తది స్టోర్స్‌లో లేదు. మంట లేదు కనక ఫిర్యాదూ లేదు. గొట్టం నుంచి ముడి గ్యాస్ కంటికి కనపడకుండా పోతూనే ఉంటుంది. రాత్రి మంటల్ని లెక్కపెట్టే ఉపగ్రహానికి ఇది సున్నా ఫ్లేరింగ్. కంపెనీ ఆ సున్నాని గొప్పగా చూపించుకోవచ్చు కూడా.

ఇప్పుడు కంపెనీల లెక్కల్లో ఉండే 98 శాతం అనే అంకె సంగతి. ఫ్లేర్‌లోకి పోయిన మీథేన్‌లో 98 శాతం కాలిపోతుందని దశాబ్దాలుగా లెక్కలన్నీ అనుకుంటూ వచ్చాయి. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన అమెరికాలోని పర్మియన్, ఈగిల్ ఫోర్డ్, బాకెన్ క్షేత్రాల మీద విమానంతో కొలిచి, ఆరిపోయిన ఫ్లేర్లని కూడా కలుపుకుంటే నిజంగా నాశనమయ్యేది 91.1 శాతమేనని తేల్చింది. ఏడు శాతం తేడా ఎంత? పైన చెప్పిన 14,000 ఘనపు మీటర్లనే తీసుకోండి, అదంతా మీథేనే అనుకోండి. బరువు రోజుకి 9.6 టన్నులు. 98 శాతం కాలితే 26 టన్నుల కార్బన్ డయాక్సైడ్, జారిన కొద్దిపాటి మీథేన్ భూమిని వేడెక్కించే శక్తిని వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కి 28 రెట్లుగా కట్టి కలిపితే మొత్తం 31 టన్నులు. 91 శాతమే కాలితే అదే మొత్తం 48 టన్నులు. బావి అదే, గ్యాస్ అదే, నివేదికలో ఊహ మారితే ఉద్గారం ఒకటిన్నర రెట్లు. అందుకే కంపెనీ నివేదికలో టన్నుల అంకె కన్నా దాని కింద సన్నగా రాసిన ఊహని ముందు చదవాలి.

గాలిలోకి ఏమొస్తుంది

ఊరివాళ్లకి కార్బన్ డయాక్సైడ్‌తో వెంటనే ఇబ్బంది లేదు. ముక్కుకి తగిలేవి వేరు: మసి రూపంలో ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నని కణాలు (పీఎం 2.5), ఎక్కువ వేడిలో గాలిలోని నైట్రోజన్ కాలి పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు, సరిగా కాలని బెంజీన్, ఫార్మాల్డిహైడ్, గ్యాస్‌లో సల్ఫర్ ఉంటే సల్ఫర్ డయాక్సైడ్. నైట్రోజన్ ఆక్సైడ్లూ, కాలని హైడ్రోకార్బన్లూ ఎండలో కలిసి కొన్ని గంటల తర్వాత, కొన్ని కిలోమీటర్ల అవతల ఓజోన్‌గా మారతాయి. ఫ్లేర్ కింద నిలబడి కొలిస్తే ఆ ఓజోన్ కనపడదు.

సల్ఫర్ విషయం కాస్త జాగ్రత్తగా చూడాలి. హజీరాకి ముంబై దగ్గరి సముద్ర క్షేత్రం నుంచి వచ్చే బసీన్ గ్యాస్ సల్ఫర్ ఉన్న గ్యాస్. అలాంటి చోట ఫ్లేర్ ఆరిపోతే వచ్చేది వాతావరణ సమస్య ఒక్కటే కాదు, ప్రాణాపాయం. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి వంద పాళ్లు) దాటితే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన తగ్గింది, గ్యాస్ పోయింది అనుకుని ముందుకెళ్లినవాళ్లు పడిపోయేది అక్కడే.

మన ప్రమాణాలు 2009 నాటివి. పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు, 24 గంటలకి 60. నైట్రోజన్ డయాక్సైడ్ ఏడాదికి 40, సల్ఫర్ డయాక్సైడ్ 50, బెంజీన్ 5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన అంకెలు వీటికన్నా చాలా కిందున్నాయి: పీఎం 2.5కి 5, నైట్రోజన్ డయాక్సైడ్‌కి 10. ప్రమాణం లోపలే ఉన్నామనే కంపెనీ మాట నిజమే అయినా, రేపు ప్రమాణం బిగిస్తే ఏ చివర ఉన్నారన్నది వాటాదారు చూసుకోవాలి.

ఆరోగ్యం మీద గట్టి ఆధారాల్లో ఒకటి టెక్సస్ ఈగిల్ ఫోర్డ్ నుంచి 2020లో వచ్చింది. ఇంటికి 5 కిలోమీటర్ల లోపు ఎక్కువ ఫ్లేరింగ్ ఉన్న గర్భిణులకి నెలలు నిండకుండా ప్రసవమయ్యే అవకాశం, ఫ్లేరింగ్ లేనిచోట్ల కన్నా 50 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది సంబంధం చూపిన అధ్యయనమే, కారణాన్ని రుజువు చేసినది కాదు. అయితే కోర్టులో, ట్రైబ్యునల్‌లో కంపెనీ లాయరు ఎదుర్కోవాల్సిన కాగితం మాత్రం ఇలాంటిదే.

ఇంకో మాట, మన ఒడిశాకి నేరుగా తగిలేది. మహానది బేసిన్‌లో ఆయిల్ ఇండియా అన్వేషణ బ్లాకులు తీసుకుంది. ఆ బేసిన్ భూభాగం కటక్, బాలాసోర్ వైపు విస్తరించి ఉంది. జాతీయ గాలి ప్రమాణాలు అందుకోని నగరాలుగా రాష్ట్రంలో గుర్తించినవాటిలో కటక్, బాలాసోర్, భువనేశ్వర్ ఉన్నాయి. అంగుల్, తాల్చేర్, రూర్కెలా, కళింగ నగర్ కూడా. బరంపురం లేదు. ఇప్పటికే నిండిన గాలిలో కొత్త ఫ్లేర్‌కి అనుమతి దొరకడం, ఖాళీ ఉన్న గాలిలో దొరకడం ఒకటి కాదు. అలాంటి చోట బ్లాకు గెలిచిన ఏ కంపెనీ అయినా మొదటి రోజు నుంచే గ్యాస్ అమ్మే దారి చూసుకుని ఉండాలి.

రూలు ఏమంటోంది

ఆయిల్ డ్రిల్లింగ్, గ్యాస్ వెలికితీతకి కేంద్ర నిబంధనలు సూటిగానే ఉన్నాయి. గ్యాస్‌ని కాల్చకుండా గాలిలోకి వదలడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఎత్తు ఫ్లేరే పెట్టాలి, స్టాక్ కనీసం 30 మీటర్లు. పక్క పొలాల్లో పంట దెబ్బతినదనుకున్న చోట మాత్రం నేల ఫ్లేర్ పెట్టొచ్చు. అప్పుడు గుంట ఆర్‌సీసీతో కట్టి, చుట్టూ కనీసం 5 మీటర్ల ఎత్తున వేడికి తట్టుకునే ఇటుక గోడ కట్టి, ఆ గోడ బయట 100 మీటర్ల వెడల్పున చెట్లు పెంచాలి. చెట్లకి చోటు లేకపోతే అన్ని వైపులా మూసిన నేల ఫ్లేర్ పెట్టాలి. వ్యర్థ ద్రవాలని గుంటలో పోసి కాల్చడం నిషేధం.

100 మీటర్ల పచ్చ పట్టీ అంటే ఎంత భూమి కావాలో వేసుకోండి. గుంట చుట్టూ వంద మీటర్లంటే కనీసం ఏడెనిమిది ఎకరాలు. గోదావరి డెల్టా లాంటి చోట, కొబ్బరి తోటల మధ్య, చిన్న కంపెనీ ఆ భూమి ఎక్కడి నుంచి తెస్తుంది? కాగితం మీద మొక్కలు, నేల మీద ప్రహరీ గోడ. సైట్ ఫొటోలో గోడ పక్కనే వరి కనిపిస్తే రూలు ఎక్కడ తప్పారో తెలుస్తుంది.

కొలతలో అసలు లోపం ఇంకోటి. పేపర్ మిల్లు, థర్మల్ స్టేషన్ చిమ్నీలకి నిరంతర ఉద్గార మానిటర్లు పెట్టి, లెక్క నేరుగా కాలుష్య నియంత్రణ మండలికి పోయేలా చేశారు. ఫ్లేర్ మంట గొట్టం బయట మండుతుంది, లోపల ప్రోబ్ పెట్టి కొలవడానికి ఏమీ ఉండదు. కనక ఫ్లేర్ ఉద్గారం దాదాపు ఎప్పుడూ లెక్కగట్టిందే, కొలిచింది కాదు. మిగిలేది చుట్టుపక్కల గాలి కొలత. దానికి ఏడాది సగటు కట్టాలంటే వారానికి రెండుసార్ల చొప్పున కనీసం 104 కొలతలుండాలి. చిన్న కంపెనీల నివేదికల్లో ఎన్నున్నాయో లెక్కపెట్టండి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

సెబీ పర్యావరణ, సామాజిక నివేదికని 2022–23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 కంపెనీలకి తప్పనిసరి చేసింది. ఆ నివేదికలో నైట్రోజన్, సల్ఫర్ ఆక్సైడ్లు, ధూళి, గ్రీన్‌హౌస్ వాయువులు అన్నీ రాయాలి. వెయ్యి దాటిన చిన్న ఆయిల్ కంపెనీకి ఆ బాధ్యత లేదు. ఎక్కువ ప్రమాదం ఉన్నచోటే తక్కువ సమాచారం. కనక వాటాదారే తవ్వుకోవాలి.

మొదట పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్. కంపెనీ పేరు కొట్టి, పర్యావరణ అనుమతి పత్రం దింపుకుని, షరతుల్లో ఫ్లేర్ అనే మాట ఎక్కడుందో చూడండి. తర్వాత ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబర్ 1కి ఇవ్వాల్సిన షరతుల అమలు నివేదికలు. వాటిలో గ్యాస్ లెక్క నాలుగు గదుల్లో ఉండాలి: వచ్చింది, అమ్మింది, సొంతానికి వాడింది, కాల్చింది. తర్వాతి మూడూ కూడితే మొదటిది రావాలి. ఆ కూడిక తక్కువ వస్తే మిగతాది మీటరు తప్పో, లీకో. నాలుగో గది ఖాళీగా ఉండి ‘సాంకేతిక ఫ్లేరింగ్ మాత్రమే’ అని రాసి ఉంటే, ఆ వాక్యం కింద గీత గీసుకోండి. 2020 జనవరి నుంచి అన్వేషణ బావులకి అనుమతి ప్రక్రియ తేలికై రాష్ట్ర స్థాయికి దిగింది. కనక అన్వేషణ దశలో ఉన్న కంపెనీ కాగితాలు రాష్ట్ర అథారిటీ దగ్గర వెతకాలి. ఉత్పత్తి దశవి కేంద్రంలోనే ఉంటాయి.

గాలి కొలతల పట్టికలో మూడు చూడాలి. కొలిచిన చోటు గాలి వాలుకి ఎటువైపు ఉంది? పర్యావరణ ప్రభావ నివేదికలో గాలి ఏ వైపు నుంచి ఎంత వీస్తుందో చూపే విండ్ రోజ్ బొమ్మ ఉంటుంది. తూర్పు తీరంలో వానాకాలం నైరుతి గాలి, చలికాలం ఈశాన్య గాలి. జనవరిలో ఫ్లేర్‌కి ఈశాన్యాన పెట్టిన మానిటర్‌కి పొగ అందదు, అందకూడదనే పెట్టారేమో కూడా. కొలిచిన రోజు ఫ్లేర్ వెలుగుతోందా? వరసగా నాలుగు నివేదికల్లో ఒకే అంకెలు పైకీ కిందకీ ఒక మైక్రోగ్రాము తేడాతో వస్తున్నాయా? చివరిది కనిపిస్తే ల్యాబ్ కన్నా టైపిస్టు ఎక్కువ పనిచేసినట్టు.

రెండోది ఆకాశం నుంచి. ప్రభావ నివేదికలో బావుల అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. నాసా ఫర్మ్స్ మ్యాప్ ఉచితం. అందులో ఆ చోటు పెట్టి రాత్రి వేడి చుక్కలు నెలల తరబడి చూడొచ్చు. కన్ను అలవాటు కావడానికి ముందు తెలిసిన చోట్లు చూడండి. రూర్కెలా, అంగుల్ ఉక్కు కర్మాగారాల దగ్గర చుక్క ఏడాది పొడుగునా కదలదు. మల్కనగిరి, కోరాపుట్, రాయగడ కొండల మీద ఎండలు ముదిరే నెలల్లో చుక్కలు గుంపులుగా వచ్చి రెండు మూడు రోజుల్లో మాయమవుతాయి. అవి పోడు మంటలు, కార్చిచ్చులు. ఫ్లేర్ చుక్క ఉక్కు ఫ్యాక్టరీ చుక్కలా నిలకడగా ఉంటుంది. వానాకాలం మబ్బుల కింద ఏమీ కనపడదు, కనక జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ఖాళీ చూసి సంతోషపడొద్దు. నవంబర్ నుంచి మార్చి చూడాలి. చిన్న ఫ్లేర్లు, ఆగి ఆగి వెలిగేవి తప్పిపోతాయి. కాబట్టి చుక్క ఉంటే మంట ఉన్నట్టు అనుకోవచ్చు, చుక్క లేకపోతే ఏదీ తేల్చలేం.

మూడోది వార్షిక నివేదికలోనే ఉంది, ఎవరూ చదవని చోట. డైరెక్టర్ల నివేదికకి అనుబంధంగా శక్తి పొదుపు గురించి రాయడం కంపెనీల చట్టం ప్రకారం తప్పనిసరి. దాన్నీ, ఖాతాల్లో పవర్ అండ్ ఫ్యూయల్ పద్దునీ పక్కపక్కన పెట్టండి. ఒక చేత్తో గ్యాస్ తగలబెడుతూ ఇంకో చేత్తో జనరేటర్లకి డీజిల్ కొంటున్న కంపెనీ దొరికితే, ఇక ఆ మేనేజ్‌మెంట్ గురించి కొత్తగా తెలుసుకోవాల్సింది పెద్దగా లేదు. మన ఉదాహరణలోని గ్యాస్‌తో 35 శాతం సామర్థ్యం ఉన్న ఇంజిన్ల మీద 2 మెగావాట్ల కరెంటు వస్తుంది.

గ్యాస్ ఇంజిన్ పెట్టేశాం, సమస్య తీరిందనే ప్రకటననీ యథాతథంగా తీసుకోకూడదు. చమురుతో వచ్చే గ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ ఎక్కువ. మామూలు గ్యాస్ ఇంజిన్‌లో అవి ముందే అంటుకుని నాక్ కొడతాయి. ఇంజిన్‌ని పూర్తి శక్తి కన్నా తక్కువలో నడపాలి, లేదా బరువు వాయువులని ముందే తీసేయాలి. సీఎన్‌జీగా నొక్కి లారీలో పంపుతామన్నా లెక్క అడగండి. 3,000 లీటర్ల కాస్కేడ్‌లో (సిలిండర్ల గుత్తిలో) 200 బార్ దగ్గర పట్టేది 700 ఘనపు మీటర్ల పైచిలుకు. 14,000 ఘనపు మీటర్లంటే రోజుకి ఇరవై లారీ ట్రిప్పులు. వానాకాలం ఆ మట్టిరోడ్డు మీద ఇరవై ట్రిప్పులు తిరుగుతాయా అన్నది ఇంజినీరింగ్ కన్నా ముందు తేలాల్సిన ప్రశ్న.

డబ్బుకి దెబ్బ ఎటు నుంచి

జరిమానా ఒక దారి, అదీ దేశాన్ని బట్టి. నైజీరియా 2018 నిబంధనల్లో రోజుకి 10,000 బ్యారెళ్లు, ఆపైన తీసేవాళ్లకి వెయ్యి ఘనపు అడుగుల ఫ్లేరింగ్‌కి 2 డాలర్లు, తక్కువ తీసేవాళ్లకి అర డాలరు. చిన్న కంపెనీ పెరిగి ఆ గీత దాటిన రోజున జరిమానా రేటు నాలుగింతలవుతుంది. వృద్ధి అంచనాలు చూపించే ప్రెజెంటేషన్లలో ఈ మలుపు రాయరు. అమెరికాలోని నార్త్ డకోటాలో 91 శాతం గ్యాస్ పట్టుకోవాలి, పట్టుకోకపోతే బావి ఉత్పత్తినే కుదించే అధికారం అక్కడి కమిషన్‌కి ఉంది. చిన్న కంపెనీకి జరిమానా కన్నా ఇదే భయంకరం, ఎందుకంటే గ్యాస్ పోగొట్టుకున్నది చాలక చమురు కూడా ఆగుతుంది.

నియమాలు అటూ ఇటూ ఊగుతాయి కూడా. అమెరికా 2022 చట్టంలో అదనపు మీథేన్‌కి టన్నుకి 900 డాలర్ల నుంచి 1,500 దాకా రుసుము పెట్టారు. ఏడాదికి 25,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్ సమానం దాటిన కేంద్రాలకే అది వర్తిస్తుంది. మన ఉదాహరణ బావి 98 శాతం లెక్కన ఏడాదికి 11,000 పైచిలుకు, 91 శాతం లెక్కన 17,600. రెండు విధాలా తప్పించుకునేదే. 2025లో కాంగ్రెస్ ఆ రుసుము నిబంధనని కొట్టేసి, వసూలుని 2034కి నెట్టేసింది. విదేశాలకి పంపుకోగల ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితిలో అమెరికా చిన్న కంపెనీల షేర్లు కొంటున్న మనవాళ్లు దీన్ని శుభవార్త అనుకున్నారు. అయితే యూరప్ 2024లో తెచ్చిన మీథేన్ నియంత్రణ దిగుమతి చేసుకునే చమురు, గ్యాస్ మీద కూడా వివరాలు అడుగుతుంది. కొనేవాడు అడిగితే, అమ్మేవాడి దేశంలో రూలు లేదన్న జవాబు పనికిరాదు.

ఆఖరి దెబ్బ ప్రమాదం. కోనసీమలోని ఓఎన్‌జీసీ పాశర్లపూడి బావి 1995 జనవరి 8న పేలి, ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అస్సాంలో ఆయిల్ ఇండియా బాగ్జన్ 5వ నంబరు బావి 2020 మే 27న బ్లోఅవుట్ అయింది, అంటే అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మింది, జూన్ 9న అంటుకుంది, అగ్నిమాపక సిబ్బంది ఇద్దరు చనిపోయారు, పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి నవంబర్ 15. మొదట్లోనే 25 కోట్లు జమ చేయమని హరిత ట్రైబ్యునల్ చెప్పింది. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా లాంటివి ప్రభుత్వ రంగ సంస్థలు కనక తట్టుకున్నాయి. రెండు మూడు బావుల మీద బతికే కంపెనీకి అలాంటి ఒక్క బావి చాలు. ఫ్లేర్‌కీ బ్లోఅవుట్‌కీ నేరుగా సంబంధం లేదు గానీ, పైలట్ థర్మోకపుల్ మార్చని చోట బావి తల దగ్గర వాల్వులు పరీక్షిస్తున్నారని నమ్మడం కష్టం.

వార్షిక సమావేశాలు ఇప్పుడు చాలావరకు వీడియోలోనే జరుగుతున్నాయి. గుణుపూర్‌లో కూర్చుని కూడా ప్రశ్న పంపొచ్చు. ముందుగా వక్తగా పేరు నమోదు చేసుకోవాలి, గడువు నోటీసులో ఉంటుంది. అడిగేటప్పుడు ‘పర్యావరణానికి మీరేం చేస్తున్నారు’ అనకండి, మొక్కల ఫొటోలు చూపిస్తారు. గత నాలుగు త్రైమాసికాల్లో రోజుకి సగటున ఎన్ని ప్రామాణిక ఘనపు మీటర్లు కాల్చారు, అది మీటరుతో కొలిచిందా, గ్యాస్–ఆయిల్ నిష్పత్తి నుంచి లెక్కగట్టిందా, మీటరైతే చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారు, పైలట్ ఆరిపోయిన గంటలు ఎన్ని, బావి అదుపు తప్పితే వర్తించే బీమా ఎంతకి ఉంది? సీఎఫ్‌వో ఆపరేషన్స్ హెడ్ వైపు తిరిగితే, ఆయన అంకె చెబితే, ఆ అంకెని డిసెంబర్ 1 నివేదికతో సరిచూడండి. ‘విడిగా మెయిల్ చేస్తాం’ అంటే, ఆ మెయిల్ ఎన్ని వారాలకి వస్తుందో చూసి షేరు సంగతి తేల్చుకోవచ్చు.